రెండో జత కళ్లు

వేసినవాళ్లకు కనపడని తప్పు చూసినవాళ్లకు క్షణంలో ఎలా దొరుకుతుంది?

బొమ్మలు వేసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ట్యాబ్లెట్ మీద ఒక ముఖం వేస్తారు. పడుకోబోయే ముందు చూసుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. తెల్లారి తెరిస్తే ఒక కన్ను కిందికి జారి, దవడ ఓ పక్కకి లాగేసి కనిపిస్తుంది. ఫైలు ఎవరూ ముట్టుకోలేదు, ఒక్క పిక్సెల్ కూడా కదల్లేదు. మారింది చూసే మెదడు. ఇంకో విచిత్రం, ఆ రాత్రే పక్క గదిలో ఉన్న తమ్ముణ్ని పిలిచి చూపించి ఉంటే, పెన్సిల్ పట్టడం రాని ఆ కుర్రాడు కూడా "కన్నేంటి అలా ఉంది?" అని వెంటనే అనేసేవాడు. గంటల తరబడి చూసినవాళ్లకు అందనిది, అరక్షణం చూసినవాడికి ఎలా అందింది?

దీనికి జవాబు చూపు శాస్త్రంలో ఉంది. ఆ సంగతి తెలిస్తే బొమ్మను పదిమందికీ చూపించి అభిప్రాయం అడగడం దగ్గర్నుంచి, ఇతరుల బొమ్మ గురించి మనం నోరు విప్పడం దాకా అన్నీ మారతాయి.

ఘటోత్కచుడు, కాగడా, గద

విషయం గాల్లో ఉండకుండా ఒక బొమ్మను ముందు పెట్టుకుందాం. ఒక యువ చిత్రకారిణి ఘటోత్కచుణ్ని డిజిటల్‌గా వేసిందనుకోండి. ద్రోణపర్వంలో పద్నాలుగో రోజు యుద్ధం సూర్యాస్తమయంతో ఆగదు. కాగడాలు వెలిగించుకుని రాత్రంతా కొట్టుకుంటారు, కర్ణుడి శక్తికి ఘటోత్కచుడు కూలేది ఆ రాత్రే. తెలుగువాళ్లకు 1957 నాటి 'మాయాబజార్' తర్వాత ఘటోత్కచుడంటే ఎస్వీ రంగారావే. ఆ ముఖం నుంచి బయటపడి తనదైన రాక్షస వీరుణ్ని వెయ్యాలని ఈ అమ్మాయి పట్టుదల. ఎత్తిన ఎడమచేతిలో కాగడా, కుడి భుజం మీద గద, నీలి నలుపు ఒళ్లు, బంగారు కవచం, భుజాన తెల్ల ఉత్తరీయం, నడుముకు తెల్ల పంచె, వెనక చీకటి.

బొమ్మ ముగ్గురికి పంపింది. స్టూడియోలో పనిచేసే సీనియర్ "ముఖం నిలబడట్లేదమ్మా, ఇంకాస్త లైట్ కొట్టు" అన్నాడు. క్లాస్‌మేట్ "కవచం మీద డీటెయిల్ ఎక్కువైందే, సగం చెరిపెయ్" అంది. బొమ్మల గొడవే తెలియని బాబాయి "గద మోస్తున్నట్టు లేదు తల్లీ, భుజానికి అతికించినట్టుంది" అన్నాడు. ముగ్గురూ మూడు చెప్పారు. ఎవరి మాట వినాలి?

అలవాటు పడిపోయే చూపు

మెదడు దేన్నయినా అదేపనిగా చూస్తూంటే దాన్నే మామూలుగా లెక్కగట్టడం మొదలుపెడుతుంది. ముఖాల విషయంలో ఇది ఎంత బలంగా పనిచేస్తుందో 1999లో మైకేల్ వెబ్‌స్టర్, ఆయన సహ పరిశోధకుడు మెక్‌లిన్ చూపించారు. సాగదీసి వంకర చేసిన ముఖాలను కాసేపు చూపించి, తర్వాత మామూలు ముఖం చూపిస్తే, అది అటువైపు కాక ఎదురు దిశలో వంకరపోయినట్టు కనపడింది. అంతకు ముందు చూసిన వంకర ముఖాలు మాత్రం మునుపటికంటే సహజంగా అనిపించాయి. మామూలు ముఖం ఎలా ఉండాలన్న కొలతే మెదడులో పక్కకు జరిగిపోయిందన్నమాట.

మన చిత్రకారిణి చేసింది సరిగ్గా ఇదే ప్రయోగం, కాకపోతే తన మీదే. ఘటోత్కచుడి ముఖం మొదటి గీతలోనే కాస్త కుడికి వాలింది. ఆ వాలును చూస్తూ చూస్తూ మీసం వేసింది, కనుబొమలు వేసింది, కిరీటం పెట్టింది. చివరికి ఆమె కళ్లకు ఆ వాలే నిటారు.

ఇప్పుడు బొమ్మను అద్దంలోలా అటూ ఇటూ తిప్పే బటన్ ఎందుకు పనిచేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది. ముఖం రెండు డిగ్రీలు కుడికి వాలి ఉందనుకుందాం. మెదడు దానికి పూర్తిగా అలవాటు పడితే, ఆ రెండు డిగ్రీల దగ్గరే దాని సున్నా ఉంటుంది. బొమ్మను తిప్పగానే ముఖం ఎడమకు రెండు డిగ్రీలు వాలుతుంది. జరిగిపోయిన సున్నా నుంచి చూస్తే తేడా నాలుగు డిగ్రీలు. ఇంతసేపూ దాక్కున్న తప్పు రెట్టింపై ఎదుట నిలబడుతుంది. ఫ్లిప్ చేయగానే గుండె జారిపోయేది అందుకే. అసలు తప్పు అందులో సగమేనని గుర్తుంచుకుంటే కంగారు తగ్గుతుంది, దిద్దేటప్పుడు అతిగా దిద్దకుండా ఉంటాం.

ఉపాయం కొత్తదేం కాదు. లియొనార్డో డావిన్చి తన రాతల్లో బొమ్మను అద్దంలో చూసుకొమ్మని, మధ్యమధ్య పని వదిలేసి కాసేపు దూరంగా వెళ్లి రమ్మని చెప్పాడు. రెండింటి ఫలితం ఒక్కటే, జరిగిపోయిన కొలతను వెనక్కి లాగడం.

అయితే బొమ్మను తలకిందులు చేయడం వేరు. 1980లో పీటర్ థాంప్సన్ ఒక ఫొటోలో మార్గరెట్ థాచర్ ముఖం నుంచి కళ్లను, నోటిని మాత్రం కత్తిరించి తిరగేసి అతికించాడు. ఫొటోను తలకిందులుగా పట్టుకుంటే పెద్ద తేడా తెలియదు. నిటారుగా పెడితే భయంకరంగా ఉంటుంది. ముఖాన్ని మొత్తంగా చదివే మెదడు నైపుణ్యం తలకిందుల ముఖం మీద సరిగ్గా పనిచేయదు. కాబట్టి ముఖంలో తప్పు వెతకడానికి అద్దం తిప్పుడే మేలు. తలకిందులు చేయడం మరో పనికి పనికొస్తుంది. ముఖం ముఖంలా కనపడకుండా పోతుంది కనుక, వెలుగు ముద్దలు ఎక్కడున్నాయో, చీకటి ముద్దలు ఎక్కడున్నాయో అప్పుడు చక్కగా తెలుస్తుంది.

ఎంత తిప్పినా వేసినవాళ్ల కళ్లు వేసినవాళ్లవే. అలవాటు పడని కళ్లు కావాలంటే ఇంకొకరిని అడగాల్సిందే. బాబాయి దగ్గరున్న గొప్ప అర్హత అదే, ఆయన ఆ బొమ్మను అంతవరకు చూడలేదు.

తెల్ల పంచె ఎంత తెల్లగా ఉండాలి?

సీనియర్ అన్న మాటకు వద్దాం, ముఖం నిలబడట్లేదని. ముఖం నిలబడటమంటే చూపు ముందుగా అక్కడికి పోవడం. చూపును బలంగా లాగేది వెలుగు చీకట్ల తేడా. రంగుది దాని తర్వాతి చోటు.

ఇక్కడ మెదడు ఇంకో పెద్ద పొరపాటు చేయిస్తుంది. ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో తయారుచేసిన చదరంగపు గళ్ల బొమ్మ చాలామంది చూసే ఉంటారు. గళ్ల పలక మీద ఒక స్తంభం నీడ పడుతుంది. నీడలో ఉన్న తెల్ల గడి, వెలుగులో ఉన్న నల్ల గడి, రెండూ అచ్చంగా ఒకే బూడిద రంగు. ఎంత చెప్పినా కన్ను ఒప్పుకోదు. ఎందుకంటే మెదడు కాంతిని కొలవదు, వస్తువు అసలు రంగేమిటో ఊహిస్తుంది. నీడలో ఉంది కాబట్టి ఇది తెల్లదే అయ్యుండాలని లెక్కవేసి, మనకు తెలుపే చూపిస్తుంది. బతకడానికి ఇది గొప్ప వరం. బొమ్మ వేయడానికి మాత్రం పెద్ద అడ్డు.

చిత్రకారిణికి పంచె తెల్లదని తెలుసు, అందుకని తెల్లగా వేసింది. కాగడా ఉన్నది పైన, ముఖం పక్కన. కాంతికి ఒక కఠినమైన నియమం ఉంది, దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. కాగడాకు భుజం మీది ఉత్తరీయం ఒక మూర దూరంలో ఉండి, మోకాలి దగ్గరి పంచె మూడు మూరల దూరంలో ఉందనుకుందాం. రెండూ ఒకే తెల్ల బట్ట, మంటకు ఒకేలా ఎదురుగా ఉన్నాయి. పంచె మీద పడేది తొమ్మిదో వంతు వెలుగు. కంప్యూటర్ తెర 0 నుంచి 255 దాకా కొలిచే అంకెల్లో ఉత్తరీయం 255 అయితే, ఆ అంకెలు వెలుగు తగ్గినంతగా తగ్గవు కాబట్టి, పంచె 94 దరిదాపుల్లో ఉండాలి. ఈ బొమ్మలో ఐడ్రాపర్‌తో పంచె మడతను తాకి చూస్తే 210 వస్తుంది. అంటే మోకాళ్ల దగ్గర ఎవరో కనపడని మనిషి ఇంకో కాగడా పట్టుకుని నిలబడ్డట్టే.

యుద్ధభూమిలో వేరే కాగడాలుంటాయి కదా అనొచ్చు. ఉంటాయి. అప్పుడు వాటి వెలుగు కవచం అంచున, పిక్క మీద, నేల మీద కూడా కనపడాలి. ఒక్క పంచెకే పడి ఊరుకోదు.

*—బాక్స్—*

రంగు తీసేసి చూడటంలో ఉన్న మెలిక

వెలుగు చీకట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలంటే బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చమంటారు. మంచి సలహా. కాని మార్చే పద్ధతిని బట్టి ఫలితం తారుమారవుతుంది.

మన కంటికి అన్ని రంగులూ ఒకే వెలుగుతో కనపడవు. తెర మీది తెలుపులో మనకు తోచే వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపు 21, నీలం 7 మాత్రమే. అందుకే పచ్చి పసుపు మిరుమిట్లు గొలుపుతుంది, పచ్చి నీలం చీకటిగా ఉంటుంది.

చాలా సాఫ్ట్‌వేర్లలో శాచురేషన్ మీటను సున్నాకు లాగితే ఈ తేడా లెక్కలోకి రాదు. పచ్చి పసుపు, పచ్చి నీలం రెండూ ఒకే బూడిద రంగులోకి మారిపోతాయి. ఘటోత్కచుడి నీలి ఒంటికీ బంగారు కవచానికీ తేడా లేదన్న తప్పుడు కబురు వస్తుంది. దీనికి బదులు అన్ని లేయర్ల పైన ఒక కొత్త లేయర్‌ను పూర్తిగా నలుపుతో నింపి, దాని బ్లెండ్ మోడ్‌ను 'కలర్' అని పెట్టండి. కంటికి తోచే వెలుగుకు దగ్గరగా ఉండే బూడిద బొమ్మ కనపడుతుంది. చూడటం అయ్యాక ఆ లేయర్‌ను ఆపేస్తే చాలు, అసలు బొమ్మకు ఏమీ కాదు.

*—————*

ఊహాలోకంలో కూడా బంగారం బంగారమే

"ఫాంటసీయే కదా, ఎలా వేసినా చెల్లుతుంది" అనే మాట నేను ఒప్పుకోను. ప్రాణి ఎంత కల్పితమైతే, దాని మీద పడే వెలుగు అంత నిజంగా ఉండాలి. చూసేవాళ్లు రాక్షసుణ్ని ఎప్పుడూ చూసి ఉండరు. మంట వెలుగును, చెమట పట్టిన ఒంటిని, నగ మెరుపును మాత్రం పుట్టినప్పటినుంచీ చూస్తున్నారు. నమ్మకం అక్కడినుంచే పుట్టాలి.

"ఒళ్లు బొమ్మలా ఉంది" అనే ఫిర్యాదు తరచూ వింటాం. కారణం చాలాసార్లు వెలుగు నీడా కలిసే గీత దగ్గర ఉంటుంది. చర్మం రాయి కాదు. కాంతి కొంత లోపలికి దూరి, అటూ ఇటూ చెదిరి, పక్కనుంచి బయటికి వస్తుంది. ఎరుపు మిగతా రంగులకంటే లోపల ఎక్కువ దూరం పోతుంది. అందుకే నీడ మొదలయ్యే చోట చర్మం కాస్త ఎర్రబారుతుంది, వెనకనుంచి వెలుగు పడితే చెవి తమ్మె ఎర్రగా వెలుగుతుంది. ఈ చెదరడాన్ని కంప్యూటర్‌తో తక్కువ సమయంలో లెక్కగట్టే పద్ధతి కనిపెట్టినందుకు హెన్రిక్ వాన్ జెన్సన్‌కూ, ఆయనతో పనిచేసినవాళ్లకూ 2004లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం దక్కింది. చేత్తో వేసేవాళ్లకు అంత లెక్క అక్కర్లేదు. నీడ అంచున బూడిద రంగు పులమకుండా సన్నటి వెచ్చని పట్టీ ఒకటి వేస్తే, నీలి ఒంట్లో కూడా రక్తం ఉన్నట్టు తెలుస్తుంది.

బంగారం సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. లోహంలోకి కాంతి దూరదు, పైనుంచే తిరిగొస్తుంది, వస్తూ వస్తూ లోహం రంగు పూసుకుంటుంది. పసుపు పూసి పైన తెల్ల చుక్క పెడితే అది ప్లాస్టిక్ అవుతుంది. బంగారం నిజానికి ఒక వంకర అద్దం. రాత్రిపూట అందులో ఎక్కువ భాగం చీకటే ప్రతిఫలించాలి, ఆ చీకటి పక్కనే హఠాత్తుగా మంట మెరవాలి. ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. నున్నటి బంగారంలో మంట ప్రతిబింబం దూరంతో పాటు చిన్నదవుతుంది గాని మసకబారదు. కాబట్టి మోకాలి కవచం మీద సూదిమొనంత మెరుపు ఉండొచ్చు. దాని పక్కనే పంచె చీకట్లో మునగాలి. ఈ ఒక్క జత సరిగ్గా పడితే చాలు, బట్టేదో లోహమేదో విడిగా చెప్పక్కర్లేదు.

ఏం అడిగితే అదే చూస్తారు

సోవియట్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ యార్బస్ కనుగుడ్డుకు చిన్న పరికరం అతికించి, బొమ్మ చూసేటప్పుడు చూపు ఎటెటు పోతుందో గీతలుగా నమోదు చేశాడు. ఆయన పుస్తకం 1967లో ఇంగ్లిష్‌లో వచ్చింది. అందులో ఇల్యా రేపిన్ చిత్రం ఒకటుంది. ప్రవాసం నుంచి హఠాత్తుగా ఇల్లు చేరిన మనిషి, గదిలో నివ్వెరపోయిన కుటుంబం. ఒకే వ్యక్తికి ఆ చిత్రమే మళ్లీ మళ్లీ చూపిస్తూ ప్రశ్న మార్చాడు యార్బస్. వీళ్ల వయసులెంత అని అడిగితే చూపు ముఖాల చుట్టూ తిరిగింది. వీళ్ల ఆర్థిక స్థితి ఏమిటంటే బట్టల మీదికి, సామాన్ల మీదికి పోయింది.

బొమ్మ చూపించి అభిప్రాయం అడిగే ప్రతివాళ్లూ గోడకు రాసుకోవాల్సిన ప్రయోగం ఇది. "ఎలా ఉంది?" అనడిగితే ఎదుటివాళ్ల చూపుకు దారి ఉండదు, "బాగుంది" అని వస్తుంది. "చేతులు తప్పుగా ఉన్నాయా?" అంటే చూపు చేతులకే పోతుంది, తప్పు లేకపోయినా దొరుకుతుంది. మంచి ప్రశ్నలు వేరే రకం. "మొదట ఏం కనపడింది? తర్వాత ఎటు పోయింది చూపు? ఇతను ఏం చేయబోతున్నాడనిపిస్తోంది?" ఇవి అడిగి నోరు మూసుకోవాలి.

కథ ముందే చెప్పేయకూడదు కూడా. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ కొందరిని బాగా తెలిసిన పాటల దరువు బల్ల మీద వేళ్లతో కొట్టమంది. వింటున్నవాళ్లు సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో విన్నవాళ్లు గుర్తుపట్టినవి 3. కొట్టేవాళ్ల తలలో పాట మొత్తం మోగుతోంది, బయటికి వచ్చింది మాత్రం టకటకలే. "ఇది పద్నాలుగో రాత్రి, తన చావు దగ్గరపడిందని ఇతనికి తెలుసు" అని ముందే చెప్పి బొమ్మ చూపిస్తే, చూసేవాళ్లు కూడా ఆ విషాదాన్ని తమ తలలోంచి తెచ్చి బొమ్మలో పెట్టేసుకుంటారు. అది బొమ్మలో ఉందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు.

చెప్పేవాళ్ల బాధ్యత

మంచి మనసుతో చెప్పినంత మాత్రాన మేలు జరగదు. అవ్రహం క్లుగర్, ఏంజెలో డెనిసి 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను, అన్నీ కలిపి 23,000కు పైగా పరిశీలనలను, ఒక్కచోట చేర్చి విశ్లేషించారు. మొత్తం మీద ఫీడ్‌బ్యాక్ వల్ల పని మెరుగైంది. కాని మూడో వంతుకు పైగా సందర్భాల్లో ముందుకంటే దిగజారింది. దీనికి వాళ్లిచ్చిన వివరణ సూటిగా ఉంటుంది. మాట పని మీద నిలిచినంతసేపూ సాయపడుతుంది. అది మనిషి మీదికి, అతని తాహతు మీదికి మళ్లగానే ధ్యాస చేతిలోని పని వదిలి తనను తాను కాపాడుకోవడం మీదికి పోతుంది. "నీకు అనాటమీ రాదు" అన్నమాట అందుకే చెడగొడుతుంది. "నువ్వు పుట్టు కళాకారిణివి" అనే పొగడ్త కూడా ధ్యాసను అక్కడికే తీసుకెళ్తుంది.

పని మీద నిలవడమంటే చూసిందాన్ని, దానికి కారణాన్ని విడదీసి చెప్పడం. రోగి డాక్టరు దగ్గరికి పోయి నొప్పి ఎక్కడుందో చెప్తే ఆ మాటకు తిరుగుండదు. ఫలానా మాత్ర రాయండంటే మాత్రం డాక్టరు ఆలోచించుకోవాలి. బొమ్మ చూసినవాళ్ల మాటా అంతే. చూపు ఎక్కడ తట్టుకుందో చెప్పడంలో దాదాపు ఎవరూ పొరబడరు. ఎందుకు తట్టుకుందో, ఎలా దిద్దాలో చెప్పేటప్పుడు అనుభవజ్ఞులు కూడా తరచూ తప్పుతారు, ఎందుకంటే కారణం చాలాసార్లు నొప్పి ఉన్న చోట ఉండదు.

బొమ్మ మీదే కొత్త లేయర్ వేసి దిద్ది చూపించే పెయింట్‌ఓవర్ పద్ధతి ఇందుకే రెండంచుల కత్తి. కాంతి దిశ, బరువు తూగే గీత లాంటివి మాటల్లో చెప్పడం కష్టం, గీసి చూపిస్తే క్షణంలో తెలుస్తుంది. అలాగని ముఖం మొత్తం తన శైలిలో తిరిగి వేసి ఇస్తే అది చెప్పినవాళ్ల ఘటోత్కచుడు అవుతాడు. అడిగాకే గీయాలి, బాణం గుర్తులతోనో నాలుగు బూడిద ముద్దలతోనో ఆపాలి.

ముగ్గురి మాటల వెనక

ఇప్పుడు ఆ మూడు అభిప్రాయాల్లో మందులు పక్కన పెట్టి నొప్పులు మాత్రం చూద్దాం. సీనియర్ చూపు ముఖం మీద నిలవలేదు. క్లాస్‌మేట్ చూపు కవచంలో చిక్కుకుపోయింది. సీనియర్ చెప్పినట్టు ముఖానికి ఇంకా వెలుగు కొడితే నీలి నలుపు ఒళ్లు సున్నం కొట్టినట్టవుతుంది, రాత్రి పోతుంది. క్లాస్‌మేట్ చెప్పినట్టు నగిషీ చెరిపేస్తే వారాల కష్టం పోతుంది. ఇద్దరి ఫిర్యాదుకూ మూలం ఒక్కటే, ఎవరూ పేరెత్తని ఆ తెల్ల పంచె. బొమ్మ కింది సగంలో అంత వెలుగు ఉండటంతో చూపు కిందికి జారుతోంది. దాన్ని ఆనుకున్న కవచం అంచులు ఆ తెలుపు మీద కత్తిరించినట్టు కనపడి అక్కడే పట్టేస్తున్నాయి. పంచెను 210 నుంచి 90, 100 మధ్యకు దించి, నగిషీలో కాగడాకు దూరంగా ఉన్న భాగాన్ని దానితోపాటు చీకట్లోకి పోనిస్తే, ముఖం మీద ఒక్క చుక్క వెయ్యకుండానే ముఖం పైకి వస్తుంది. బొమ్మను వేలిగోరంత చేసి చూస్తే ఇది తేలిపోతుంది. అంత చిన్నగా చేసినప్పుడు కాగడా, ముఖం, భుజం కలిసి ఒకే వెలుగు ముద్దగా కనపడాలి.

బాబాయి మాట వీటికి లొంగదు. గద బరువు వెలుగుతో తేలే సంగతి కాదు. కుడి భుజం మీద పెద్ద బరువు పెట్టుకున్న మనిషి నిటారుగా నిలబడలేడు. బరువూ ఒళ్లూ కలిపి తూగే చోటు రెండు పాదాల మధ్యకు రావాలంటే మొండెం ఎడమకు ఒరగాలి. కుడి భుజం పైకి లేవాలి, తల అవతలికి వంగాలి, మెడ నరం బిగియాలి. ఇక్కడ ఘటోత్కచుడి రెండు భుజాలూ ఒకే ఎత్తున ఉన్నాయి. దీనికి లేయర్లతో పని లేదు, కింది గీతల దాకా వెళ్లి తిరిగి వేయాల్సిందే. అంతకంటే ముందు ఇంట్లో ఉన్న రోకలికి ఇంకేదైనా బరువు కట్టి బాబాయి భుజాన పెట్టి, ఎడమ చెయ్యి పైకెత్తమని, ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు తీసుకోవాలి. గదిలో లైట్లు ఆర్పి, ఎత్తిన చేతిలో ఫోన్ టార్చి పట్టిస్తే పంచె సంగతి కూడా ఆ ఫొటోలోనే తేలుతుంది.